రెండడుగుల బాట

గోవిందరావు సైకిలెక్కి వెళ్ళే దారి కొంతైతే, సైకిలే గోవిందరావుని ఎక్కి వెళ్ళే దారి కొంత. శంకుపేట రేవు నుంచి జీడితోటల చివరి దాకా రెండు మైళ్ళూ ఇసకే. చక్రం ఒక చుట్టు తిరిగిందంటే జానెడు లోతుకి దిగబడిపోతుంది. తెప్పలు ఒడ్డుకి రాగానే కేరేజీ మీద చేపలగంప కట్టి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో గంప పట్టుకుని, ఒళ్ళంతా ముందుకి వాల్చి తోసుకుంటూ పోయేవాడు. మరీ లోతైన చోట గంప దించేసి, ముందు సైకిలుని భుజానికెత్తుకుని అవతల పెట్టి వచ్చి, మళ్ళీ గంప మోసుకెళ్ళేవాడు. అలా గట్టిదారి ఎక్కేసరికి గంపలోని కానాగంత చేపల కళ్ళు తెల్లబడిపోయేవి. కాశీబుగ్గ బజార్లో బేరానికొచ్చిన వాళ్ళు ముందు చూసేది ఆ కళ్ళే.

ఆ జ్యేష్ఠమాసంలో ఒక పొద్దుటిపూట, సరిగ్గా ఇసక లోతుగా ఉన్నచోటే ఆయనకి అనంతపద్మనాభం మాస్టారు ఎదురుపడ్డాడు. మాస్టారు పలాసలో అర్చకుల ఇంటివాడు. శంకుపేట బడిలో పంతులు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, సైకిలుని భుజాన వేసుకుని, రొప్పుతూ వస్తున్నాడు. గోవిందరావుని చూసి సైకిలు ఇసకలో పడేసి, తనూ జీడిచెట్టు నీడలో చతికిలబడ్డాడు.

"మేష్టారూ, ఇలగియ్యండి. మీ బండి నాను అవతలెట్టేత్తాను," అన్నాడు గోవిందరావు.

"నీ బండి నీకే బరువు. నాదెందుకయ్యా?" మాస్టారు ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు. "ఒక మాట చెప్పు. ఈ దారిన సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం ఎంతమందిమి ఉంటాం?"

గోవిందరావు ఆలోచించాడు. మాస్టారు, తపాలా మనిషి, టీకాలు వేసే జగన్నాథం గారు, కొబ్బరీ జీడిపిక్కలూ కొనే ధర్మారావు గారూ ఆయన మనుషులూ. "ఓ పది పన్నెండు మంది ఉంటారండి."

"పదిమందీ ఎవరి సైకిలు వాళ్ళు మోసుకుంటున్నాం. పదిమందీ కలిసి ఒక్కసారి అరిస్తే ఎవరికైనా వినపడదూ? ఆదివారం రామూర్తి షాపుకి రా. సంఘం పెడుతున్నాం."

"నానా బాబూ?"

"నీకు సైకిలు లేదా ఏం?"

రామూర్తి సైకిలు షాపు కాశీబుగ్గలో రైలుగేటు దగ్గర. ఆదివారం నాడు గోవిందరావు ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతులు ఇసకతో, ఆ మీద చింతపండుతో తోముకుని వెళ్ళాడు. అయినా మెట్టు కిందే నిలబడ్డాడు. లోపల బల్ల మీద పెద్దవాళ్ళు కూర్చున్నారు. అందరి మధ్యా ధర్మారావు. జీడిపప్పు బట్టీ యజమాని, భారీ మనిషి, సిల్కు లాల్చీ. మాస్టారు బయటికొచ్చి గోవిందరావు రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి బల్ల చివర కూర్చోబెట్టాడు. పక్కనున్న జగన్నాథం కొంచెం జరిగాడు. చోటివ్వడానికి జరిగాడో, వాసనకి జరిగాడో గోవిందరావుకి తెలియలేదు. కూర్చున్నాడు. అంతే చాలు అనిపించింది.

ధర్మారావు అధ్యక్షుడు, మాస్టారు కార్యదర్శి. ఉద్దానం సైకిలు సంఘం అని పేరు పెట్టారు. ఇసకలో గట్టిబాట ఒకటి కావాలన్నది మొదటి కోరిక. రామూర్తి అందరికీ సోడాలు కొట్టి ఇచ్చాడు. గోవిందరావు సోడాకాయ పట్టుకుని, మిగతావాళ్ళు ఎలా తాగుతున్నారో చూసి, అలాగే తాగాడు.

ఇంటికొచ్చి తల్లితో చెప్పాడు. ఇంట్లో ఉన్నది తల్లీ కొడుకూ ఇద్దరే. దాలమ్మ ఎండుచేపలు తిరగేస్తూ వింది.

"సంగమా? ఎవుల సంగం?"

"సైకిల్లున్నోల సంగమే అమ్మా."

"బాగుంది. సైకిల్లకీ సంగం వచ్చీసింది. మనుసులకే నేదు," అని నవ్వింది. కాని ఆ సాయంత్రం వీధి వీధంతా తిరిగి, మా వోడు పెద్దోలతో బల్ల మీద కూకున్నాడంట అని చెప్పుకొచ్చింది.

*

బాట కావాలని సంఘం వాళ్ళు తిరగని చోటు లేదు. మాస్టారు సెలవు పెట్టుకుని టెక్కలి వెళ్ళాడు, శ్రీకాకుళం వెళ్ళాడు. వెళ్ళిన చోటల్లా కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, ఇసకలో రోడ్డు నిలవదన్నారు. కొత్త రాష్ట్రం, చెయ్యవలసిన పనులు బోలెడు, మీరే శ్రమదానం చేసుకోకూడదా అన్నారు. వానలు వెనకబట్టాక ధర్మారావే, "వీళ్ళ కాళ్ళు పట్టుకునే బదులు మన చేతులు మనం నమ్ముకుందాం. గ్రావెలు నా మెట్టలో ఉంది. బళ్ళు నేనిస్తాను. వెయ్యండి," అన్నాడు.

మార్గశిరంలో పని మొదలైంది. ఉత్త ఇసక మీద గ్రావెలు పోస్తే మింగేస్తుంది కదా. అందుకని ముందు తాటికమ్మలు అడ్డంగా పరిచారు. వాటి మీద కొబ్బరి డొక్కలు బోర్లించారు. ఆ మీద ఎర్ర గ్రావెలు పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసలతో గుద్దారు. రెండడుగుల వెడల్పు. అంతకన్నా వెయ్యడానికి గ్రావెలు చాలదు, చేతులూ చాలవు.

చేతులు చాలవన్న సంగతి మొదటి రోజుకే తెలిసిపోయింది. మాస్టారి అరచేతులు బొబ్బలెక్కాయి. ధర్మారావు కూడా లాల్చీ విప్పి కాసేపు దిమ్మిస వేశాడు. తర్వాత నడుం పట్టుకుని గొడుగు కింద కూర్చున్నాడు. రెండోరోజు పొద్దున్న బళ్ళు గ్రావెలు దింపేసరికి శంకుపేట ఆడవాళ్ళు చేపలగంపలు పట్టుకుని వరసగా వచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. ముందు దాలమ్మ ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, తలమీద చుట్టకుదురు సర్దుకుని, "నింపండి బాబూ," అంది.

మాస్టారు మొహమాటపడ్డాడు. "అమ్మా, మీకెవరికీ సైకిళ్ళు లేవు కదా. మీరెందుకు కష్టపడటం?"

"మా వోడికున్నాది కదండి. ఆడు బేగి ఎల్తే సేప సెడదు." దాలమ్మ గంప ఎత్తించుకుని, మెడ నిలబెట్టి, రెండడుగులు వేసి ఆగింది. "మరి మాకు మాత్రం కాల్లు నేవేటండి? ఎండల్లో మా కాల్లకీ ఓ సల్లని సోటు."

పక్కనే ఎర్రమ్మ అందుకుంది. "అవునండి బాబూ. ఏసంకాలం ఈ ఇసకలో నడిసినోలకి నరకం బయ్యం నేదు."

అందరూ నవ్వారు. ఆ తర్వాత పని పరుగెత్తింది. తెప్పలు రాకముందు కొంతసేపు, చేపలమ్ముకుని తిరిగొచ్చాక కొంతసేపు ఆడవాళ్ళు మోసేవారు. మధ్యాహ్నం జీడిచెట్ల కింద చోడి అంబలి పోసుకుని తాగేవారు. ఒకనాడు దాలమ్మ మాస్టారికి కూడా కొబ్బరిచిప్పలో పోసి ఇచ్చింది. ఆయన ఒక్క క్షణం చిప్ప వంక చూసి, తాగేశాడు. పొద్దు వాలేసరికి అందరి తలలూ భుజాలూ ఎర్రగా అయిపోయేవి. సముద్రంలో మునిగితే నీళ్ళు కాసేపు ఎర్రబడేవి.

పుష్యం వెళ్ళేలోగా బాట పూర్తయింది. గోవిందరావు గంప కట్టుకుని మొదటిసారి రేవు దగ్గర సైకిలెక్కి గట్టిదారి దాకా కాలు దింపకుండా తొక్కాడు. ఆ రోజు కాశీబుగ్గలో ఆయన గంపలో కానాగంతలు నల్లటి కళ్ళతో నిగనిగలాడాయి.

*

మాఘం గడిచేసరికి బాట అంచులు రాలడం మొదలైంది. బళ్ళు అడ్డంగా దాటేవి. మేకలు తిరిగేవి. నడిచేవాళ్ళు ఎదురొచ్చే సైకిలు కోసం అంచుకి జరిగితే అక్కడి గ్రావెలు పెళ్ళలుగా ఊడిపోయేది. ఒకరోజు ఎదురుగా వస్తున్న మనిషిని తప్పించబోయి జగన్నాథం ఇసకలో పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది, టీకామందు సీసాలు పగిలిపోయాయి.

ఆ వారమే రామూర్తి షాపులో సంఘం కూడింది. మోచేతికి కట్టుతో జగన్నాథం కూర్చున్నాడు.

"ఎవరిదీ తప్పు కాదు," అన్నాడు ధర్మారావు. నిజంగానే కోపం లేకుండా అన్నాడు. "రెండడుగుల బాట. మనిషీ సైకిలూ ఒకేసారి పట్టవు. ఎవరో ఒకరు దిగాలి. సైకిలు దిగబడితే లేవదు. మనిషి దిగితే మళ్ళీ ఎక్కుతాడు. అంచేత గంట వినపడితే నడిచేవాళ్ళు పక్కకి దిగాలని కట్టుబాటు పెడదాం. ఏమంటారు?"

మాస్టారు పెన్సిలు చెవి మీద నుంచి తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "వాళ్ళు కూడా మోశారు కదా," అన్నాడు.

"మోశారు. కాదన్నామా? నడవద్దనలేదుగా. గంట కొడితే దిగమంటున్నాం. అంతే."

"గోవిందరావూ, నువ్వేమంటావు? నీ వాళ్ళే కదా."

అందరూ బల్ల చివరికి తిరిగి చూశారు. ఆ సంఘంలో గోవిందరావుని మాట అడగడం అదే మొదలు. ధర్మారావు కూడా తల తిప్పి, ఆయన చెప్పేది వినడానికే అన్నట్టు చూస్తున్నాడు. ఇసకలోకి దిగడం అంటే ఏమిటో ఆ గదిలో గోవిందరావుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ మాట అనబోయాడు. అంటే, వీడు మనవాడు కాదు అనుకుంటారేమో అనిపించింది.

"అలగేనండి," అన్నాడు. చెయ్యెత్తాడు. మిగతా చేతులూ లేచాయి. మాస్టారిది చివర లేచింది.

మర్నాడు శంకుపేటలో డప్పు వేసి చాటించారు. దాలమ్మ గుమ్మంలో నిలబడి విని, "ఏటంటన్నాడ్రా?" అని కొడుకుని అడిగింది.

"గంట కొడితే దిగాలంటన్నాడే."

"ఓలమ్మా," అంది దాలమ్మ. ఎవరు పెట్టారని అడగలేదు.

*

వైశాఖం చివర్లో సంఘం ఏడాది పండగ మాటలు మొదలయ్యాయి. సభ్యులంతా రేవులో బయల్దేరి, బాట మీదుగా వరసగా కాశీబుగ్గకి రావాలి. టెక్కలి నుంచి ఒక పెద్ద అధికారి వస్తానన్నాడు. వరస చెదరకుండా తొక్కడం అలవాటు కావాలని మాస్టారు ముందొక రోజు అందరినీ రేవుకి రప్పించాడు. అంచు ఎక్కడెక్కడ ఊడిందో బాగా తెలిసినవాడు కనక గోవిందరావుని ముందు నిలబెట్టారు. ఆ రోజుకి చేపలబేరం మానేశాడు.

కొబ్బరిబొండాలు తాగి తిరుగుప్రయాణం పెట్టుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఇసక పొయ్యి మీది మంగలంలా కాలుతోంది. గాలి లేదు. గోవిందరావు ముందు, వెనక ధర్మారావు, ఆ వెనక తక్కినవాళ్ళు. ఇన్ని చైన్లు ఒక్కసారి తిరుగుతూంటే వచ్చే చప్పుడు ఆయనకి హాయిగా ఉంది.

సరుగుడు తోట దాటాక ముందు ఆడవాళ్ళు కనిపించారు. నలుగురు, గంపలతో, ఒకరి వెనక ఒకరు. గంపల నుంచి ఉప్పునీళ్ళు కారి వీపుల మీద చీరలు తడిసి ఉన్నాయి. తలల మీద గంపలుంటే వెనకనుంచి ఎవరు ఎవరో తెలియదు.

గోవిందరావు గంట కొట్టాడు. వెనక వాళ్ళూ అందుకున్నారు.

ముందరి ముగ్గురూ ఇసకలోకి దిగిపోయారు. అందరికన్నా వెనకున్న ఆమె పెద్దది. గంపతో తల వంచే వీల్లేదు కనక కిందికి చూడలేదు. ఒక కాలు జాపి, ఇసక ఎక్కడుందో వెతుక్కుని, ఆనించి, ఒక్కసారి తీసేసి, మళ్ళీ ఆనించింది. గంప పక్కకి ఒరిగితే చెయ్యెత్తి పట్టుకుంది. రెండో కాలూ దిగింది.

"దారిచ్చినాం బాబూ. ఎల్లండి," అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆ గొంతు వినేసరికి గోవిందరావు చక్రం ఆమెని దాటిపోయింది. బ్రేకు మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆగకు, ఆగకు! ఒకరి మీద ఒకరం పడతాం," అని వెనక నుంచి ధర్మారావు కేకేశాడు.

ఆగలేదు. కాళ్ళు పెడళ్ళని తొక్కుతూనే ఉన్నాయి. వెనక్కి చూడలేదు. తను బేరం మానేసిన చేపలు అవి; తెప్ప మీద వచ్చినవి వచ్చినట్టు పాడైపోతాయని తల్లి గంపకెత్తుకుంది. గట్టిదారి ఎక్కాక అందరూ దిగి, వరస చాలా బాగా వచ్చిందని ఒకరినొకరు మెచ్చుకున్నారు. ధర్మారావు ఆయన భుజం తట్టాడు కూడా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి దాలమ్మ కుండల దగ్గర తడి ఇసక మీద పాదాలు ఆనించుకుని కూర్చుంది. కొబ్బరినూనె చిప్ప పక్కనే ఉంది.

"ఏటయిందే కాల్లకి?"

"ఏటీ నేదురా. ఎండ." పాదాలు చీర కిందకి లాక్కుంది. "సైకిల్లన్నీ బాగా ఎల్లాయా?"

"ఎల్లాయి," అన్నాడు.

కూడు పెట్టింది. కంచంలో చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఆకలి లేదని లేచిపోయాడు.

*

పండగ రోజు పొద్దున్నే తల్లిని అడిగాడు. "ఈయేల ఇంటికాడ ఉండకూడదా అమ్మా?"

"ఎందుకురా? కానాగంతలు ఇరగబడ్డాయంట. నువ్వా గంప కట్టనంటన్నావు. నానింట కూకుంటే ఆటినెవులు అమ్ముతారు?"

గంప కట్టుకొస్తానని ఆయన ముందురోజే ధర్మారావుని అడిగాడు. ఈ ఒక్కరోజుకి వద్దులేవయ్యా, అధికారి వస్తున్నాడు, వాసన అన్నాడాయన. అందుకని గోవిందరావు హ్యాండిలుకి రంగుకాయితాల జెండాలు కట్టుకుని వరసలో ముందు నిలబడ్డాడు. ఆయన వెనక ఈసారి మాస్టారు. ఆ వెనక జగన్నాథం, ధర్మారావు, తక్కినవాళ్ళు. బాట చివర గట్టిదారి దగ్గర అధికారి కోసం కుర్చీలు వేశారు. సన్నాయిమేళం పెట్టారు. తోటల్లోంచి తలలు కనపడగానే అందుకోవాలని మేళం వాళ్ళకి ఆజ్ఞ.

సరుగుళ్ళు దాటాక ఆ నలుగురే కనిపించారు. ఈసారి వెనక నుంచి కూడా ఎవరు ఎవరో తెలుస్తోంది. తల్లి చివరన ఉంది. ఎడమకాలు సరిగ్గా ఆనించడంలేదు.

గోవిందరావు గంట మీద బొటనవేలు పెట్టలేదు. వెనక నుంచి ఒక గంట మోగింది, ఇంకోటి మోగింది. ముందున్న ఎర్రమ్మ అప్పటికే ఒక కాలు ఇసకలో పెట్టింది.

ఆయన బ్రేకు పట్టి దిగిపోయాడు. సైకిలుని రెండు చేతులతో ఎత్తి పక్క ఇసకలో పెట్టాడు. తనూ దిగాడు. చెప్పులు లేని కాళ్ళు చురుక్కుమన్నాయి. వెనక మాస్టారు ఆగాడు. జగన్నాథం ఆయన చక్రానికి తగిలి ఆగాడు. గంటలు ఆగిపోయాయి.

"ఏమయింది గోవిందరావూ? పంచరా?" అని అరిచాడు ధర్మారావు.

"పంచరు కాదు బాబూ. బరువుతో ఎల్తన్నారు. ఆలెల్లాక మనమెల్దాం."

ఆ మాట ముందుకి వినపడింది. తలమీద గంప ఉన్న మనిషికి మెడ తిప్పి చూసే వీల్లేదు, ఒళ్ళంతా తిరగాలి. దాలమ్మ మెల్లిగా, అడుగు మీద అడుగేసి, గంపతో సహా తిరిగింది. ఇసకలో నిలబడ్డ కొడుకుని చూసింది. అతని వెనక వరసనీ, జెండాల్నీ, పెద్దమనుషుల్నీ చూసింది.

"ఒరే గోవిందూ!" గట్టిగా పిలిచింది. "దిగిపోనావేట్రా? కాల్లు కాల్తాయి. ఎక్కు!"

జగన్నాథం ఆయన వంకా ఆమె వంకా చూశాడు. "మీ అమ్మా?"

"మా అమ్మేనండి," అన్నాడు గోవిందరావు.

మాస్టారు ఉత్తరీయం నడుముకి బిగించి, సైకిలు ఎత్తి ఇసకలో పెట్టాడు. జగన్నాథం, తపాలా మనిషి దిగారు. ధర్మారావు ఇసకలోకి దిగలేదు. కాని ముందుకి రావడానికీ లేదు. బాట మీద ఆడవాళ్ళున్నారు. సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ, వాళ్ళ వెనక వాళ్ళ నడకకి నడిచాడు. "అధికారి కూర్చునుంటాడు," అని రెండుసార్లు అన్నాడు. "కూర్చోనీండి," అన్నాడు మాస్టారు ఇసకలోంచి. అప్పటికే ఆయన పాదాలు ఎర్రబడి ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నాడు.

తోటల చివర మేళగాళ్ళకి ముందు కనపడినవి చేపలగంపలు. తలలు కనపడగానే అన్నారు కదా. డోలు దద్దరిల్లింది, సన్నాయి అందుకుంది. అధికారి లేచి నిలబడ్డాడు. ఎర్రమ్మ బెదిరి ఆగిపోయింది. వెనక దాలమ్మకి సంగతి అర్థమై, ఒక చెయ్యి గంప మీద, ఇంకో చెయ్యి నోటి మీద పెట్టుకుని ఒళ్ళు కదిలేలా నవ్వింది. గంపలోంచి ఒక కానాగంత జారి దండ పట్టుకున్న గుమాస్తా కాళ్ళ దగ్గర పడింది.

ఉపన్యాసాలు అయ్యాయి. అధికారి వెళ్ళిపోయాక రామూర్తి షాపులో ధర్మారావు మొహం ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు.

"నలుగురిలో నవ్వులపాలు చేశావు. కట్టుబాటుకి నువ్వూ చెయ్యెత్తావా లేదా?"

"ఎత్తినాను బాబూ," అన్నాడు గోవిందరావు. ఈసారి మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఎవరూ నిలబెట్టలేదు. "తప్పు సేసినాను. ఆ ఇసక ఎలగుంటాదో తెలిసీ ఎత్తినాను. రేవులో మాకో పద్దతుందండి. బరువెత్తినోడికి ఉత్త సేతులోడు దారిత్తాడు. ఆడెవుడైనా సరే. బండికీ అదే పెట్టండి. నానుత్తిగా ఎల్తంటే నానే దిగుతాను."

"అయితే నా మనుషులు కొబ్బరికాయలతో వస్తారు. సైకిళ్ళ మీదే. వాళ్ళో?"

"బరువుంటే ఆలకీ దారేనండి. అప్పుడు ఉత్తగా నడిసినోలు దిగుతారు."

ధర్మారావు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. మాస్టారు కాలి బొబ్బ చూసుకుంటున్నాడు. ఆయన కాలు చూసి ధర్మారావు మొహం తిప్పుకున్నాడు.

"అంచులు మళ్ళీ ఊడితే?" అన్నాడు చివరికి.

"ఇంకో అడుగు వెడల్పు చేద్దాం," అన్నాడు మాస్టారు. "గ్రావెలు మీ మెట్టలో ఇంకా ఉందా?"

"మెట్టెందుకు, నన్నే తవ్వేసుకోండి," అని విసుక్కున్నాడు ధర్మారావు. కాని చెయ్యెత్తండి అన్నప్పుడు, ఎత్తీ ఎత్తనట్టు, చెవి గోక్కునే వంకన ఆయన చెయ్యి కూడా పైకి లేచింది. జగన్నాథం ఒక్కడూ ఎత్తలేదు. తన మోచెయ్యి ఇంకా మానలేదన్నాడు.

*

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. దాలమ్మ గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని, అమ్ముడుపోని కానాగంతలు బాగుచేస్తోంది. గోవిందరావు సైకిలు గోడకి ఆనించి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మొన్న మా సైకిల్లొచ్చిన్నాడు, నువ్వు ఇసకలోకి దిగినావు. ఆ గంట కొట్టింది నానే."

దాలమ్మ చెయ్యి ఆగలేదు. చేప పొట్ట చీల్చి, పేగులు తీసి పక్కన పడేసింది.

"తెలుసు," అంది.

"తెలిసేనా? మరి బాబూ అన్నావేటి?"

"మరేటనీది? నీ గంట సప్పుడు నానెరగనేటి? ఎనకాల అంతమంది పెద్దోలు. ఒరే గోవిందూ అన్నాననుకో, ఈ సేపలగంప ముసిల్ది నీ తల్లని ఆలకి తెలిసిపోదా? నువ్వు ఆగనేదు. సెప్పుకోడం నీకు ఇట్టం నేదు కామోసు అనుకున్నాను. అందుకే ఎనక్కి తిరగనేదు."

ఎక్కడా నిష్ఠూరం లేదు గొంతులో. చేపలధర చెప్పినట్టు చెప్పింది. గోవిందరావు తల వంచుకుని నేల మీద పొలుసులు చూస్తూ కూర్చున్నాడు. సముద్రం మీద నుంచి గాలి తిరిగింది. ఎవరింట్లోనో వల బాగుచేసుకుంటూ మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"మరి ఈయేల ఎందుకు పిలిసినావు?" అన్నాడు, తలెత్తకుండా.

దాలమ్మ అప్పుడు కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"ఈయేల నువ్వు దిగినావు కదరా," అంది.

ఇంకో చేప అందుకోబోయింది. ఆమె చెయ్యి పడేలోగా గోవిందరావు ఆ చేపని తీసుకుని, చుట్టూ చూసి, పక్కనున్న చిప్పపెంకు పట్టుకుని పొలుసు గీకడం మొదలుపెట్టాడు.